కొబ్బరినూనె పోసిన ఫోర్కు

నా చేతిపనికి ఎవరైనా వంక పెడితే నాకు ఒళ్లు మండిపోతుంది. చిన్నప్పటి నుంచీ అంతే. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తమ్ముడి చెయ్యి గురించి అడిగిన వాళ్లందరికీ ఇన్నాళ్లూ నూనె కథ ఒక్కటే చెబుతూ వచ్చాను. నూనె సగం మాత్రమే.

అమ్మా నాన్నా పోయాక ఇంట్లో మేమిద్దరమే. నేను హైస్కూల్లో సైన్సు చెబుతాను. తమ్ముడు ముమ్మిడివరం దగ్గర రొయ్యల చెరువుల మీద పనిచేసేవాడు. తెల్లారకుండా వెళ్లి, ఒక్కో చెరువులో విసురువల వేసి, పడిన రొయ్యల్ని అరచేతిలో పెట్టుకుని రంగూ ఎదుగుదలా చూసి చెప్పడం వాడి పని. వల గుండ్రంగా విచ్చుకుని పడాలంటే మణికట్టు తిరగాలి. ఆ చుట్టుపక్కల వాడిలా వల వేసేవాడు లేడని చెరువుల యజమాని నాతోనే రెండుసార్లు అన్నారు.

అంతకు కొన్నేళ్ల ముందు మోటారు సైకిలు మీంచి పడి అదే చెయ్యి విరిగింది. ప్లేటు వేసి స్క్రూలు బిగించిన డాక్టరు గారు మమ్మల్ని కూర్చోబెట్టి మరీ చెప్పారు.

"చెయ్యి బాగానే పనిచేస్తుందండి. కాకపోతే గట్టి కుదుపులు తగలకూడదు. ఈ ప్లేటు కదిలిందంటే మాత్రం ఇంక మణికట్టు మడవడం ఉండదండి."

చెరువు గట్ల మీద కుదుపులు లేకుండా ఎలా వెళ్తారు? అన్నీ గోతులే, మధ్యమధ్యలో సిమెంటు తూములు. అందుకే ముందు చక్రానికి షాకులున్న మౌంటెన్ సైకిలు కొనిపించాను. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కులో మెరిసే గొట్టాలు రెండుంటాయి. గోతిలో పడ్డప్పుడు అవి కింది లావుపాటి కాళ్లలోకి దిగి మళ్లీ లేస్తాయి. దెబ్బ చేతిదాకా రాదు. నాకు ఆ ఫోర్కు మీద ఉన్న నమ్మకం మందుల మీద కూడా ఉండేది కాదు.

ఉప్పునీళ్లూ బురదా దాన్ని బతకనివ్వవు. రెండు నెలలకోసారి విప్పి శుభ్రం చేసి నూనె మార్చాలి. ఇక్కడి సైకిలు షాపుల వాళ్లు గొలుసుకి నూనె రాస్తారు గానీ ఫోర్కు విప్పమంటే చేతులెత్తేస్తారు. ఫోనులో వీడియోలు చూసి నేనే నేర్చుకున్నాను. అడుగున ఉన్న బోల్టులు వదులు చేసి, వాటి మీద చెక్కముక్క పెట్టి సుత్తితో చిన్నగా కొడితే కింది కాళ్లు ఊడి వస్తాయి. లోపలి పాత నూనె కాఫీ డికాషన్‌లా కారుతుంది. తుడిచి, పైనుండే స్పాంజి రింగుల్ని కొత్త నూనెలో నానబెట్టి, మందుల షాపులో కొన్న సిరంజితో ఒక్కో కాల్లో పది మిల్లీలీటర్లు ఎక్కించి బిగించాలి. ఆదివారం చర్చి నుంచి వచ్చి, అన్నం తిని, అరుగు మీద పాత చీర పరుచుకుని కూర్చునేదాన్ని. వీధిలో వెళ్లేవాళ్లు ఆగి చూస్తుంటే నాకు గర్వంగానే ఉండేది.

అక్టోబరులో పార్సిల్లో తెప్పించుకున్న ఫోర్కు ఆయిలు అయిపోయింది. విప్పాక చూసుకున్నాను. చుట్టూ సామాను పరిచి ఉంది, చేతులు మసిగా ఉన్నాయి, మళ్లీ వారానికి వాయిదా వేయబుద్ధి కాలేదు. వంటింట్లో అంబాజీపేట నుంచి డబ్బాతో తెచ్చుకున్న కొబ్బరినూనె ఉంది. మా ఇళ్లలో దాన్ని దేనికి వాడం? తలకీ, చెవిపోటుకీ, కాలిన బొబ్బకీ, కుట్టుమిషనుకీ, తలుపు బందులకీ అదే. ముందురోజే ఆడించిన గానుగ నూనె, నీళ్లలా ఉంది, సిరంజిలోకి చక్కగా ఎక్కింది. బిగించి హ్యాండిలు మీద బరువు వేసి చూస్తే ఫోర్కు వెన్నలా దిగింది. తమ్ముడికి చెప్పలేదు. చెప్పాల్సిన సంగతని కూడా అనుకోలేదు.

డిసెంబరు మొదట్లో వాడే అన్నాడు.

"అక్కా, ఫోర్కు పొద్దుటిపూట బిగుసుకుపోతుందే. ఓసారి చూస్తావా?"

అప్పుడు మిట్టమధ్యాహ్నం. సైకిలు ఎండలో ఉంది. వెళ్లి నొక్కాను, మెత్తగా దిగి లేచింది. మళ్లీ నొక్కాను. నాకు కోపం నషాళానికంటింది.

"ఏం బిగుసుకుందిరా? బిగుసుకుపోయింది ఫోర్కు కాదు, నీ చెయ్యి. ఆదివారాలన్నీ దీనికే ధారపోస్తున్నాను, పైగా వంకలు కూడానా!"

"ఆయ్, సరేలే అక్కా," అన్నాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఆ వారమే తొమ్మిదో తరగతికి ద్రవీభవన స్థానం పాఠం చెప్పాను. పొద్దుటి మొదటి పీరియడు. చలికి గడ్డకట్టిన కొబ్బరినూనె సీసాని తలకిందులుగా పట్టుకుని చూపించాను. చుక్క రాలేదు, పిల్లలు నవ్వారు. ఇరవైనాలుగు డిగ్రీల దగ్గర కరుగుతుందని బోర్డు మీద రాశాను. తమ్ముడి సైకిలు ఒక్క క్షణం కూడా గుర్తుకు రాలేదు. ఇన్నేళ్లుగా పాఠం చెబుతున్న మనిషిని. దీనికి నన్ను నేను క్షమించుకోలేదు, క్షమించుకునే ఉద్దేశం కూడా లేదు.

అదే రోజుల్లో తమ్ముడు పొద్దున్నే లేచి గిన్నెడు నీళ్లు కాచుకోవడం మొదలెట్టాడు. పొయ్యి చప్పుడుకి నాకు మెలకువ వచ్చేసేది. చలికి మొహం కడుక్కోవడానికి కాబోలనుకున్నాను. ఒక సాయంత్రం సిలిండరు కదిపితే తేలిగ్గా ఉండేసరికి దానికీ అరిచాను.

"పెళ్లికొడుకువా రోజూ వేణ్ణీళ్లు పెట్టుకోడానికి? గ్యాసంతా నీ మొహానికే సరిపోతోంది."

మర్నాడు పొద్దున్న పొయ్యి చప్పుడు కాలేదు. నేను హాయిగా నిద్రపోయాను.

ఏడు గంటలకి చెరువుల దగ్గర్నుంచి ఫోను వచ్చింది. తూము అంచుకి ముందు చక్రం తగిలింది. ఫోర్కు దిగలేదు. కుదుపంతా మణికట్టుకి తగిలి చెయ్యి పట్టు వదిలేసింది, వాడు అదే చేతి మీద పడ్డాడు. కాకినాడ తీసుకెళ్తే స్క్రూలు ఊడిపోయాయన్నారు. ఎముకల్ని కలిపి బిగించేశారు. ఇప్పుడు వాడి వేళ్లు కదులుతాయి, మణికట్టు మటుకు కర్రలా ఉంటుంది.

యజమాని పళ్లు పట్టుకుని ఇంటికొచ్చారు. చాలా మర్యాదగా మాట్లాడారు.

"వల ఎవరో ఒకరు వెయ్యాలి కదండీ టీచరు గారూ. వేరే మనిషిని పెట్టుకున్నామండి. ఏమనుకోకండి."

నేను కాఫీ ఇచ్చి పంపించాను. తమ్ముడు లోపలి గదిలో గోడవైపు తిరిగి పడుకునే ఉన్నాడు.

సైకిల్ని ఎవరో ఆటో మీద వేసి పంపారు. వారం రోజులు దాన్ని ముట్టుకోలేదు. ఒకరోజు పొద్దున్న, ఇంకా మంచు విడవకముందే, వెళ్లి హ్యాండిలు మీద బరువంతా వేశాను. కదల్లేదు. అక్కడికక్కడే విప్పాను. స్పాంజి రింగులు తెల్లగా గడ్డకట్టి ఉన్నాయి. గొట్టాల చుట్టూ బురదతో కలిసిన వెన్నలాంటి ముద్ద. వేళ్లతో కాస్త తీసి వాసన చూశాను. కొబ్బరినూనె.

వేళ్లకి అంటిన ఆ ముద్దతోనే లోపలికి వెళ్లి తమ్ముడి ముందు నిలబడ్డాను. ఏడుస్తూనే చెప్పాను, నేనే పోశానురా కొబ్బరినూనె అని. వాడు నా చేతి వంక చూశాడు. ఆశ్చర్యపోలేదు.

"తెలుసక్కా. వాసనొచ్చేది కదా."

"తెలిసి ఎలా ఎక్కేవురా?"

"రోజూ ఫోర్కు కాళ్ల మీద వేణ్ణీళ్లు పోసేవాడిని. ఓ పది నిమిషాలకి సాగేది."

మొహానికి కావు ఆ నీళ్లు. అయినా అడక్కుండా ఉండలేకపోయాను.

"మరి ఆ రోజు?"

వాడి గొంతులో నిష్ఠూరం కూడా లేదు.

"ముందు రోజు గ్యాసు గురించి అరిచేవు కదక్కా."