ఆరోగ్యవంతుల గుంపులో ఒక ఖాళీ

ఇంట్లో అందరూ ఆమెను డాక్టరమ్మ అంటారు. పిన్నికి మోకాలు నొప్పి పెట్టినా, బావగారికి దగ్గు పట్టుకున్నా అమ్మ ఫోన్ ఆమెకే. "నేను మందులిచ్చే డాక్టర్ని కాదమ్మా, పీహెచ్‌డీ చేస్తున్నా" అని చెప్పి చెప్పి ఆమె నోరు పడిపోయింది. "మెదడు గురించే చదివేదానివి, మోకాలు నీకో లెక్కటే?" అంటుంది అమ్మ. మందు పేరు తెలియగానే ఫోన్ పెట్టేస్తుంది. నువ్వెలా ఉన్నావని అడగాలని ఎవరికీ తోచదు. డాక్టర్లకు జబ్బులు రావు కదా మరి!

ఆమె పరిశోధన దిగులు జబ్బు మీద. ఆ జబ్బున్నవాళ్ల మెదడునూ, ఆరోగ్యంగా ఉన్నవాళ్ల మెదడునూ స్కాన్ తీసి పోల్చాలి. రెండు గుంపులూ నిండితేనే చివరి ఏడాది ఫెలోషిప్ అని కమిటీ ఖరాఖండిగా చెప్పేసింది. అది రాకపోతే ఇన్నేళ్ల చదువూ గంగపాలే. చిత్రమేమిటంటే, దిగులుపడేవాళ్లు ఇట్టే దొరికారు. ఆరోగ్యవంతుల దగ్గరే వచ్చింది చిక్కంతా. పెళ్లిళ్లు, స్నేహితులు, సినిమాలు. పాపం, వాళ్లకు తీరికేదీ?

గడువు ముగిసే రోజున రావలసిన చివరి మనిషి రాలేదు.

"ఆ ఖాళీలో నేనే పడుకుంటా, అన్నా" అంది స్కానర్ నడిపే టెక్నీషియన్‌తో. ల్యాబ్‌లో పనిచేసేవాళ్లను తీసుకోవడానికి అనుమతి ఉంది. గాజులూ వాచీ తీసి ట్రేలో పెట్టింది. ముందు ప్రశ్నలడగాలి. అవి ఆమె తయారుచేసినవే, ఏ జవాబు చెబితే ఎవరిని తీసుకోరో ఆమెకు కంఠతా వచ్చు.

"ఈ మధ్య మనసులో మాట ఎవరితోనైనా చెప్పుకున్నారా?" అని చదివాడతను.

అబద్ధం నాలుక చివరే ఉంది. ఊఁ అంటే చాలు, ఏడాది గట్టెక్కుతుంది. కానీ ఈ స్కాన్‌ల లెక్కలు నమ్మి రేపు డాక్టర్లు ఎవరికో వైద్యం చేస్తారు.

"లేదన్నా."

"సరిగ్గా గుర్తు తెచ్చుకో తల్లీ" అన్నాడు బతిమాలుతున్నట్టు.

"తెచ్చుకునే చెప్పా. ఎవరూ లేరు." ఆ మాట పైకి అన్నాకే ఆమెకు ఏడుపొచ్చింది.

ఇక స్కాన్ లేదన్నట్టు అతను స్కానర్ గది తలుపు మూసేశాడు. ఆ జవాబు చెప్పినవాళ్లను ఒంటరిగా పంపకూడదు, వాళ్ల మనిషికి ఫోన్ చేసి పక్కనే కూర్చోవాలి. ఆ నియమమూ ఆమె పెట్టిందే. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఎవరికి చెయ్యమంటావు?"

ఆమె ట్రేలోంచి గాజులు తీసి వేసుకుంది.

"అమ్మకే చెయ్యి, అన్నా. ఒంట్లో బాగాలేనిది ఎవరికని అడుగుతుంది. నాకేనని చెప్పు."