తోలు మీద నా అరచెయ్యి

ఒక తోలు పట్టీ బరువెంత ఉంటుంది? పావు కిలో కూడా తూగదు. పదకొండేళ్ళుగా మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మేలు. తెలిసినవాళ్ళందరూ నన్ను మంచిదానివంటారు. ఆ మాట దగ్గరే నా నోరు పడిపోతుంది.

నేను బళ్ళో చదువుకోలేదు. చిన్నప్పుడు ఫిట్సు వచ్చేవి. ఒకటో తరగతిలో బల్ల మీంచి పడిపోతే మేష్టారు ఇంటికి పంపేశారు. అమ్మ పోయాక మేనమామే పెంచాడు. విజయవాడలో, బందరు కాలవ పక్క సందులో రెండు గదుల ఇల్లు. అత్తయ్య అప్పటికే లేదు. రామకోటి పుస్తకం గళ్ళలో నా వేళ్ళు పట్టుకుని ‘శ్రీరామ’ దిద్దించాడు మావయ్య. అవే నా మొదటి అక్షరాలు. ఇవాళ ఇది రాస్తున్నానంటే ఆయన చలవే. ఆ సంగతి సందులో అందరూ గుర్తు చేసేవారు. “మీ మావయ్యకి రోజూ దణ్ణం పెట్టుకోవే” అనేవారు. పెట్టుకున్నాను. ఒక మనిషికి రోజూ దణ్ణం పెట్టుకుంటూ బతకడంలో ఎంత అలసట ఉంటుందో ఎవరితో చెప్పను?

మావయ్యకి ఒకప్పుడు సెలూను ఉండేది. సగం బ్లేడు బిగించి, గీసి పారేసే కత్తులు వచ్చాక పాత మంగలి కత్తులు ఇనప సామాన్లవాళ్ళ తక్కెట్లోకి చేరాయి. ఆయన వాటిని ఏరి తెచ్చుకునేవాడు. షాపు మూసేసి ఇంట్లోనే బాగుచేయడం మొదలుపెట్టాడు. తుప్పు వదిలించి, కొమ్ము పిడికి కొత్త మేకు కొట్టి, సానరాయి మీద నూరి, చివరికి గోడకి వేలాడే తోలు పట్టీ మీద యాభై సార్లు అటూ ఇటూ లాగేవాడు. వందేళ్ళ నాటి జర్మనీ కత్తి చెంప మీద ఉన్నట్టే తెలిసేది కాదు. ఫోన్లో ఫొటోలు చూసి ఎక్కడెక్కడివాళ్ళో తాతల కత్తులు పంపేవారు.

అందులో నా వంతు తుప్పు. ఇంకొకటి, తోలు. కత్తి లాగే ముందు పట్టీని అరచేత్తో రుద్ది వెచ్చచెయ్యాలి. మావయ్యకి అరచేతులు ఎప్పుడూ చెమట పట్టేవి. మా ఊరి ఉక్క తెలిసిందే కదా. చెమట తగిలితే తోలు పాడవుతుందని ఆయన దాన్ని ముట్టుకునేవాడే కాదు, కింది కొసనున్న ఇత్తడి కొక్కెం పట్టుకుని బిగలాగేవాడు. పదేళ్ళ వయసు నుంచీ రోజూ పొద్దున్నే రామకోటి ఒక పేజీ రాసి, చేతులు కడిగి తుడుచుకుని, పట్టీని పైనుంచి కిందికి ఇరవై సార్లు రుద్దేదాన్ని. “తోలుకి నీ చెయ్యంటే ఇష్టమే” అనేవాడు.

వాదర మాత్రం నాకు ఇచ్చేవాడు కాదు. కత్తి అంచుకి పదును పెట్టే పని ఆయనదే. ఆయన బయటికి వెళ్ళినప్పుడు దొంగచాటుగా నేర్చుకున్నాను. చేతికి వచ్చింది. నిజంగా వచ్చింది. ఆయన పట్టీ కోయగా మిగిలిన తోలులోంచి నాకోసం ఇంకో పట్టీ కోసుకుని వంటింటి తలుపు వెనక దాచుకున్నాను. ఆ విద్య ఇచ్చినందుకు రాముడికి కృతజ్ఞతలు చెప్పుకున్నాను.

ఒకరోజు బెంగుళూరాయన ఒకరు గన్నవరంలో విమానం దిగి సరాసరి మా ఇంటికే వచ్చారు. తాతగారి కత్తి స్వయంగా ఇచ్చి వెళ్ళాలని. నేను తుప్పు తీసిన కత్తుల్ని వెలుగులో తిప్పి చూసి, “పదును కూడా ఈవిడే పెడతారాండీ?” అని అడిగారు.

మావయ్య నవ్వాడు. “ఫిట్సు పిల్ల చేతికి వాదర ఎవరిస్తారండీ? తుప్పు గీక్కోమన్నాను. గీక్కుంటోంది.”

నాకప్పుడు ముప్ఫై ఆరేళ్ళు. ఫిట్సు పద్నాలుగో ఏటే పోయాయి. మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాను. వాళ్ళతోపాటు నేనూ నవ్వాను.

మర్నాడు పొద్దున్న రామకోటి పేజీ రాశాను. చేతులు కడుక్కున్నాను. తుప్పు తీసే ఎమరీ పొడి చిటికెడు తీసి అరచేతికి అద్దుకున్నాను. పైనుంచి కిందికి ఇరవై సార్లు. నూనె తాగి నల్లబడ్డ తోలు, అందులో పొడి కనపడదు. ఆయన చూస్తూనే ఉన్నాడు. రోజూ చూసేదే కదా.

ఒక్కటే భయం ఉండేది, చప్పుడు. మంచి తోలు మీద కత్తి మెత్తగా, ఊపిరి వదిలినట్టు సాగుతుంది. ఇప్పుడు అడుగున సన్నగా ఇసక నలిగినట్టు వినపడుతోంది. వంటింట్లో ఉన్న నాకు వినపడేది. మావయ్యకి అప్పటికే చెవి మందం. వినపడదని నాకు తెలుసు. తెలిసే చేశాను.

రాయి మీద చక్కగా తేలిన అంచు తోలు మీద పాడయ్యేది. మావయ్య కత్తిని ముంజేతి మీద వెంట్రుకలకి ఆనించి చూసుకునేవాడు. తెగాల్సినవి వంగేవి. మళ్ళీ రాయి, మళ్ళీ తోలు. కళ్ళ డాక్టరు దగ్గరికెళ్ళి కొత్త అద్దాలు తెచ్చుకున్నాడు. ఒక్కసారి మాత్రం, “తోలు ఓసారి చూడవే” అన్నాడు. దగ్గరికెళ్ళి, చెయ్యి పెట్టి, “బాగానే ఉంది మావయ్యా” అన్నాను.

పంపిన కత్తి అందాక బెంగుళూరాయన మెసేజి పెట్టారు. కత్తి లాగుతోందండీ, గుచ్చుతోందండీ, ఏమీ అనుకోకండీ అని. మావయ్య చదివి వినిపించమన్నాడు. గట్టిగా చదివాను. ఆయనకి వినపడదు కదా. పక్కింటివాళ్ళకి కూడా వినపడేంత గట్టిగా, రెండుసార్లు.

కోపమే అయితే వారంలో చల్లారేది. నేను రెండు నెలలు రుద్దాను. ఆ రెండు నెలలూ నాలో ఉన్నదేమిటి? చాలాకాలం దానికి పేరు పెట్టుకోలేదు. ఇప్పుడు పెడుతున్నాను. సంతోషం. అద్దాలు తుడుచుకుని తుడుచుకుని కత్తి అంచు వంక ఆయన చూసే చూపు నాకు బాగుండేది. ఆ చూపు కోసం పొద్దున్నే లేచేదాన్ని.

చివరికి ఒకరోజు అరుగు మీద కూర్చుని, రెండు చేతులూ చాపి చూసుకుంటూ పిలిచాడు.

“అమ్మాయ్, నిజం చెప్పు. నా చెయ్యి పోయిందా?”

లేదు మావయ్యా, అంటే సరిపోయేది. తోలు కడిగేస్తే సరిపోయేది.

“పోయింది మావయ్యా” అన్నాను. “నీ మనసు కష్టపెట్టడం ఎందుకని చెప్పలేదు.”

ఆయన నవ్వాడు. “పోతే పోయింది, వెధవ చెయ్యి. వెళ్ళొస్తానని ఓ మాటన్నా చెప్పలేదు చూడు.” మళ్ళీ నా వంక తిరిగి అన్నాడు, “నువ్వు చెప్పావు. ఇంకెవరైనా అయితే బుజ్జగించేవాళ్ళు. సంతోషం తల్లీ.”

సానరాయి నా ముందు పెట్టాడు. ఆయన ఆ తర్వాత కత్తి పట్టలేదు. నాలుగేళ్ళు బతికాడు. రోజు మార్చి రోజు నేనే గడ్డం గీసేదాన్ని, నా పట్టీ మీద లాగిన కత్తితో. గొంతు పైకెత్తి, కళ్ళు మూసుకుని, “ఇదీ చెయ్యంటే” అనేవాడు. మిగిలినప్పుడు అరుగు మీద కూర్చుని తువ్వాలు తొడ మీద పరుచుకుని, ఉత్తి చేత్తో అటూ ఇటూ లాగుతుండేవాడు. యాభై సార్లు. లెక్క తప్పేది కాదు. ఆ చెయ్యి వణకలేదు. ఒక్కసారి కూడా వణకలేదు. నేను చూస్తూ పప్పు రుబ్బుకునేదాన్ని.

ఆయనకి తెలిసిందా? తెలిసే ఊరుకున్నాడా? అలా అనుకుంటే నాకు కొంచెం తేలికవుతుంది. అందుకే నన్ను నేను అలా అనుకోనివ్వను. తెలియదు. నన్ను నమ్ముతూనే, తన చేతిని తిట్టుకుంటూనే పోయాడు.

ఇప్పుడు కత్తులు నా పేరు మీదే వస్తున్నాయి. పదును బాగుందండీ అని మెచ్చుకుంటారు. రామకోటి రోజూ రాస్తున్నాను. ఎన్ని పేజీలు రాసినా ఆ అరవై పొద్దుల పేజీలు లెక్కకి రావు. క్షమించమని దేవుణ్ణి అడగలేదు. అడగాల్సినవాడు దేవుడు కాదు.

ఆయన పట్టీ కడగలేదు. ఆ గోడ మేకుకే ఉంది. ఇవాళ పొద్దున్న కొక్కెం పట్టుకుని బిగలాగి, ఆయన కత్తి తీసి ఒక్కసారి నడిపాను. ఇసక నలిగినట్టు, సన్నగా. ఆ చప్పుడు ఇన్నేళ్ళూ నేనొక్కదాన్నే విన్నాను. ఇప్పుడు మీరూ విన్నారు.