నాలుగో కాజా

ఆ ఇంట్లో కిటికీ పక్కన ఒక చెక్క కుర్చీ ఉంది. దాంట్లో కాజాల మామ్మ తప్ప ఇంకెవరూ కూర్చోరు. కూర్చుంటే సూది గుచ్చుకుంటుందని భయం. సూది కంటే ముందు మామ్మ మాట గుచ్చుకుంటుందని ఇంకా భయం.

ముప్ఫై ఏళ్ళుగా మామ్మది ఒకటే పని. బజారులో టైలరు షాపు నుంచి కుట్టిన చొక్కాలు కట్టలు కట్టలుగా ఇంటికొస్తాయి. వాటికి గుండీలు దూరే కాజాలు ఆవిడ చేత్తో కుడుతుంది. సుద్దతో గీత, చిన్న కత్తెరతో కోత, కోత చుట్టూ మైనం పట్టించిన దారంతో ముడి పక్కన ముడి, చివర నాలుగు అడ్డకుట్లు. చొక్కాకి ఏడు కాజాలు. ఇన్నేళ్ళలో ఒక్క చొక్కా కూడా వెనక్కి రాలేదు. ఈ సంగతి ఎవరూ అడక్కపోయినా ఆవిడే చెప్తుంది. కూరగాయలవాడికి కూడా తెలుసు.

చదువంటారా, రెండో తరగతి మధ్యలోనే ఆగిపోయింది. సంతకం పెడుతుంది, అంకెలు గుర్తుపడుతుంది, అంతే.

కొడుకూ కోడలూ ఇద్దరూ పొద్దున పోతే సాయంత్రం వచ్చే ఉద్యోగస్తులు. అందుకని మనవరాలు ఆ కుర్చీ కాళ్ళ దగ్గరే పెరిగింది. పిల్లని ఇంట్లో పిచ్చుక అంటారు. గుడ్డముక్కలు ఏరుకుంటూ, సూదిలో దారం ఎక్కించి ఇస్తూ ఎనిమిదేళ్ళదయింది. బడి నుంచి రాగానే సంచీ ఓ మూల పడేసి, ఆ రోజు ఎవరు ఎవర్ని గిల్లారో దగ్గర్నుంచి మామ్మకే ముందు చెప్పేది. కన్నతల్లికి కూడా రాత్రి అన్నాల దగ్గర మిగిలిన కబుర్లే దక్కేవి. మామ్మకి అది చాలు. ఆ 'ముందు' అనే మాట మీదే ఆవిడ బతికేది.

మూడో తరగతిలో కష్టం మొదలైంది. అప్పటిదాకా పెన్సిలు, ఆ ఏడు నుంచి పెన్ను. పరీక్ష ఉన్న రోజు పొద్దున పిల్లకి కడుపునొప్పి. లెక్కల కాగితం ఇంటికొచ్చింది. పదింటికి ఒకటిన్నర చేసింది. మిగతాదంతా తెల్లకాగితం. 'వచ్చు, కానీ రాయడం లేదు' అని టీచరు కింద ఎర్రసిరాతో రాసిందని కొడుకు చదివి వినిపించాడు.

"మీరు మాట్లాడకండి. నేను చెప్తా," అని మామ్మ పిల్లని ముందు కూర్చోబెట్టుకుంది. "కంగారు పడకే పిచ్చుకా. నా పని చూడు. గీత గీశాక పదిసార్లు చూసుకుంటాను. ఎందుకూ? కోశాక ఇక లేదు. కోసింది మళ్ళీ అతుక్కోదు. నువ్వూ అంతే, పదిసార్లు చూసుకుని, ఇదే అని గట్టిగా అనిపిస్తేనే పెన్ను పెట్టు."

తన ముప్ఫై ఏళ్ళ పనితనమంతా పిల్లకి మూట గట్టి ఇచ్చేశానని ఆ పూట మామ్మ పొంగిపోయింది. తర్వాతి పరీక్షలో పిల్ల అర లెక్క చేసింది.

అప్పుడు కోడలు నోరు విప్పింది. "అత్తయ్యా, సాయంత్రాలు దాన్ని మా అమ్మ దగ్గరికి పంపిద్దాం. బడిలో పనిచేసింది కదా, పిల్లల సంగతి తెలుసు."

పిల్ల అమ్మమ్మ రెండు వీధుల అవతల ఉంటుంది. పాతికేళ్ళు బడిలో గంట కొడుతూ ఆయాగా చేసింది. ఎదురుపడితే మామ్మ ఆవిణ్ణి వదినగారూ అనే పిలుస్తుంది. మనసులో మాత్రం 'గంట' అని.

"గంట కొట్టడం వేరు, లెక్కలు చెప్పడం వేరు," అంది మామ్మ.

"పోనీ ఓ నెల చూద్దాం అమ్మా," అన్నాడు కొడుకు, చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటూ. గొడవ వచ్చే సూచన కనిపిస్తే వాడికి ఎప్పుడూ బయట పనే.

నెల తిరక్కుండానే పిల్ల మొహం విచ్చుకుంది. కడుపునొప్పి మాట తగ్గింది. సంతోషించాల్సిన విషయమే. మామ్మ సంతోషించలేదు. పిల్ల ఇంటికొచ్చేసరికి చీకటి పడేది. కబుర్లన్నీ అక్కడే ఖర్చయిపోయేవి.

"ఇవాళ బడిలో ఏమైందే?"

"అమ్మమ్మకి చెప్పేశాగా."

"అయితే నాకు చెప్పకూడదా? నోరు అరిగిపోతుందా?"

"అమ్మమ్మ భలే నవ్విస్తుంది నాయనమ్మా. నువ్వెప్పుడైనా నవ్విస్తావా?"

నిన్న మొన్నటిదాకా తన కొంగు పట్టుకుని తిరిగిన పిల్ల! ఆ గంట ఏ మందు పెట్టిందో ఏమో! ఆ రోజు మామ్మ కుట్టిన కాజాలు ఎంత బిగువుగా వచ్చాయంటే, వాటిలోంచి గుండీ తీయాలంటే పళ్ళతో లాగాల్సిందే.

అంతటితో పోలేదు. "సోమవారం మూడు నెలల పరీక్ష. ఇది కూడా ఖాళీగా ఇచ్చిందంటే, ఈ ఏడాదికి పిల్లని అక్కడే ఉంచేద్దాం అత్తయ్యా. అమ్మ ఒప్పుకుంది," అంది కోడలు.

"ఒప్పుకోక! కాచుకు కూర్చుంది," అంది మామ్మ. పైకి అంది గానీ, గుండెల్లో రాయి పడింది.

శనివారం సాయంత్రం, వియ్యపురాలి గిన్నె ఒకటి తిరిగిచ్చే వంకతో బయల్దేరింది. అసలు పని వేరే. అక్కడ పిల్లకి ఏం నూరిపోస్తున్నారో చెవులారా వినాలి, విని కడిగెయ్యాలి. తలుపు తట్టకుండా కిటికీ పక్కన నిలబడింది.

లోపల నేల మీద ఇద్దరూ పలక ముందేసుకుని కూర్చున్నారు.

"ముందు తప్పు రాయి చూద్దాం. ఏడెనిమిదులు?" అంది అమ్మమ్మ.

"పది!"

"ఛ, ఇదీ ఒక తప్పేనా? ఇంకా పెద్దది కావాలి నాకు."

"వెయ్యి!"

ఇద్దరూ పడీ పడీ నవ్వారు. తడిగుడ్డతో వెయ్యి చెరిగిపోయింది. పిల్ల ఆ చోటే యాభై ఆరు వేసింది. మామ్మ పళ్ళు కొరుక్కుంది. ఇదా చదువు చెప్పడం? ఈ నవ్వులకా తన పిల్లని ఎత్తుకుపోయింది?

"ఇంత బాగా వచ్చు కదే, బడిలో ఎందుకు రాయవు?"

"పలకైతే చెరిగిపోతుంది అమ్మమ్మా. పెన్ను చెరగదుగా. పెన్ను పెడితే కోసినట్టే. కోశాక ఇక లేదు."

"ఎవరన్నారే ఆ మాట?"

"నాయనమ్మ. నాయనమ్మకి ఒక్కటి కూడా తప్పు పోలేదు తెలుసా? నాకు పోతే నాయనమ్మ ఏమనుకుంటుంది?"

మామ్మ గిన్నె చంకన పెట్టుకుని కిటికీకి ఇంకా దగ్గరగా జరిగింది. వియ్యపురాలు ఏమంటుందా అని చెవులు రిక్కించింది. ఒక్క మాట తూలితే చాలు, తలుపు తోసుకుపోయి దులిపెయ్యొచ్చు.

"మీ నాయనమ్మది బంగారంలాంటి చెయ్యమ్మా. అలాంటి పని ఇంకెవరికీ రాదు," అంది వియ్యపురాలు.

తిడితే బాగుండేది. మెచ్చుకున్న మనిషిని ఏం చేస్తాం? మంచితనంలో కూడా ముందు తనే ఉండాలి మహాతల్లికి! మామ్మ గిన్నె పట్టుకుని వెనక్కొచ్చేసింది.

"గిన్నె ఇవ్వలేదా అత్తయ్యా?"

"ఇంట్లో లేరు," అని కుర్చీలో కూలబడింది.

ఆ పూట సూది ముట్టుకోలేదు. గంట దగ్గర పలక ఉంది, తడిగుడ్డ ఉంది. తన దగ్గరేముంది? కత్తెర. పిల్ల చేతిని కట్టేసింది టీచరూ కాదు, పెన్నూ కాదు, తన నోరే. తప్పు పోయినా ఫర్వాలేదే అని ఇప్పుడు చెప్తే పిల్ల నమ్ముతుందా? ఇన్నేళ్ళు వీధి వీధంతా వినేలా గొప్పలు చెప్పుకున్న నోరాయె.

ఆదివారం మధ్యాహ్నం, కొడుకూ కోడలూ నిద్రపోతున్నప్పుడు, మామ్మ పిల్లని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. షాపు చొక్కా ఒకటి ఒళ్ళో వేసుకుంది. మూడు కాజాలు అయ్యాయి. నాలుగోదానికి గీత గీసి, కత్తెర పెట్టి, గీత దాటి కోసేసింది. గింజంత ఎక్కువ.

పిల్ల నోరు తెరిచింది. "నాయనమ్మా! తప్పు కోశావు!"

"కోశాను."

"ఇప్పుడెలా? కోశాక ఇక లేదుగా!"

"ఎవతె చెప్పిందే ఆ మాట?"

"నువ్వే!"

"నేనే. ఒట్టి వాగుడు. ఇటు చూడు." మామ్మ దారానికి మైనం రాసింది. ఎక్కువైన కోత అంచులు దగ్గరికి లాగి, దాని మీద నాలుగు అడ్డకుట్లు వేసింది. దువ్వెన పళ్ళలా, ఒకదాని పక్కన ఒకటి. ఆ తర్వాత కాజా మామూలుగా చుట్టుకొచ్చింది. గుండీ దూర్చింది. "ఏదీ, ఎక్కడుంది తప్పు?"

పిల్ల ముక్కు చొక్కాకి ఆనించి వెతికింది. "గుండీ కింద దాక్కుంది!"

"అంతే. ముయ్యాలి, పక్కకి జరగాలి."

పిల్ల గుండీ తీసి, మళ్ళీ పెట్టి చూసింది. "ఇలా ఎన్నిసార్లు చేశావు నాయనమ్మా?"

మామ్మ దారం కొరికి తెంపింది. "చాలాసార్లే."

"మరి ముప్ఫై ఏళ్ళలో ఒక్కటీ..."

"వెనక్కి రాలేదన్నాను. తప్పు పోలేదన్నానా?" అని కసిరి, మళ్ళీ గొంతు తగ్గించింది. "ఈ సంగతి మీ అమ్మమ్మ చెవిన పడిందో, నీ పిలక కోసేస్తా."

"అది కోస్తే అతుక్కుంటుందా?"

"నోరు ముయ్యవే!" అంది మామ్మ. అంటూనే నవ్వేసింది. పిల్ల కూడా నవ్వింది. ఈ ఇంట్లో ఆ నవ్వు వినపడి నెలయింది.

సాయంత్రం పిల్లని వెంటబెట్టుకుని షాపుకి వెళ్ళింది. కటింగ్ మాస్టరు ఎప్పటిలాగే బొటనవేలితో కాజాలు తడుముతూ వచ్చాడు. నాలుగోదాని దగ్గర వేలు ఆగింది. మామ్మకి ఆ వేలితో పాటు ఊపిరీ ఆగింది. పిల్ల ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఇదేంటి మామ్మగారూ, కాస్త బిగువుగా ఉంది?"

"బిగువుగా ఉంటే గుండీ జారదు. తొడుక్కునేవాడు నాకు దణ్ణం పెడతాడు."

"మీతో మాట్లాడి గెలవగలమా? పర్లేదు లెండి," అని మాస్టరు చొక్కా మడిచి దొంతరలో పెట్టాడు.

పిల్ల ఇంటిదాకా ఆ మాటే పాడుతూ గంతులేసింది. "పర్లేదు లెండి, పర్లేదు లెండి!"

సోమవారం పొద్దున పిల్ల రెండుసార్లు బాత్రూముకి వెళ్ళింది గానీ కడుపునొప్పి అనలేదు. పరీక్ష ఎలా రాసిందో అడగాలని మామ్మకి నాలుక దురద పెట్టింది. అడగలేదు. గురువారం కాగితాలిస్తారన్నారు. ఆ రోజైనా పిల్ల బడి నుంచి నేరుగా తన దగ్గరికే వస్తుందని ఆశ. నాలుగింటి నుంచి మామ్మ సూదిలో దారం ఎక్కిస్తూనే ఉంది, ఎక్కడం లేదు. నాలుగున్నరయింది. అయిదయింది. పిల్ల రాలేదు. తెలిసిపోయింది, ముందు అక్కడికే పోయింది! ఇంత చేసినా, తన గుట్టంతా తను విప్పుకున్నా, ముందు ఆ గంటకే!

అయిదూ పదికి మెట్ల మీద చప్పుడు. పిల్లతో పాటు వియ్యపురాలు కూడా రొప్పుతూ వచ్చింది, చేతిలో కాగితం.

"వదినగారూ, పదీ చేసిందండీ! మూడు తప్పు పోయాయి, ఏడొచ్చాయి! దారిలో మా ఇల్లే కదా, నేను గుమ్మంలో ఆపేస్తే నాకు చూపించను పొమ్మంది. ముందు నాయనమ్మకే అని ఒకటే గొడవ. సరే పద, నేనూ వస్తానని బతిమాలుకుంటే ఇప్పుడు చూపించింది, మీ మెట్ల మీద!"

మామ్మ కాగితం తీసుకుని వెలుతురులో పట్టుకుంది.

"ఒకటి మాత్రం నాకర్థం కాలేదు వదినగారూ," అంది వియ్యపురాలు వేలు పెట్టి చూపిస్తూ. "తప్పు రాసినచోట అందరు పిల్లల్లా కొట్టెయ్యకుండా ఇలా దువ్వెన పళ్ళలా నాలుగేసి గీతలు గీసి, పక్కన ఒప్పు రాసింది. నేనైతే నేర్పలేదు."

నాలుగు అడ్డగీతలు, ఒకదాని పక్కన ఒకటి. మామ్మ కాగితం మీంచి తలెత్తి పిల్లని చూసింది. పిల్ల తన పిలక గట్టిగా పట్టుకుని గోడవైపు చూస్తోంది.

"పిల్లచేష్టలు లెండి," అంది మామ్మ. ఆవిడ కుర్చీలోంచి లేచి, ఇన్నాళ్ళలో మొదటిసారి దాన్ని వియ్యపురాలి వైపు జరిపింది. "కూర్చోండి, టీ పెడతా. సూది ఉంటుంది, చూసుకుని కూర్చోండి."

"అయితే పిల్ల ఇంక సాయంత్రాలు..."

"ఇక్కడే ఉంటుంది."

"వారానికి మూడు రోజులైనా పంపండి వదినగారూ."

"ఒకరోజు."

"రెండు!" అంది పిల్ల.

"నిన్నెవరడిగారే?" అంది మామ్మ. వంటింట్లోకి వెళ్ళి పొయ్యి వెలిగించాక, అక్కణ్ణుంచే అరిచింది. "సరే, రెండు. కబుర్లు మాత్రం ముందు ఇక్కడ!"