ముప్పై ఒకటో టోకెన్

పోయినవి మొత్తం ఐదువందల మూడు హాజరీలు. తొమ్మిది రోజులు, యాభైతొమ్మిది మంది మనుషులు. ఆ సంఖ్య సర్వరు చిట్టాలో ఉంది: ‘హాజరు’ బటను ఐదువందల మూడుసార్లు నొక్కారు. ఎవరు నొక్కారో అందులో ఉండదు. సమయం ఉంటుంది, అడిగిన దారి ఉంటుంది, అంతే.

ఉర్లా పారిశ్రామికవాడలో ఒక ఉక్కు రోలింగ్ మిల్లు టైమ్ ఆఫీసులో నేను గుమస్తాను. పుస్తకాలు ముందేసుకుని ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నాను. హాజరీ ప్రోగ్రాము నాదే. గేటు దగ్గర కంప్యూటరులో మనిషి తన టోకెన్ నంబరు కొట్టి బటను నొక్కితే, తెర మీద అతని పేరు రెండు సెకన్లు కనిపిస్తుంది.

ఒక వానాకాలం ఆఫీసువాళ్లు కొత్త సర్వరు తెచ్చారు. అంతవరకు సర్వరు మొదట్లోనే ఉన్న నా ప్రోగ్రామును ఒక ఫోల్డరులోకి దింపారు. పేజీలన్నీ తెరిచి చూశాను, తెరుచుకున్నాయి. బటను మాత్రం నొక్కి చూడలేదు. దాని దారిని, అంటే నొక్కు చేరాల్సిన చిరునామాను, సర్వరు మొదటి నుంచి రాసిపెట్టాను. పేజీ ఇల్లు మారింది, బటను పాత ఇంటికే వెళ్తోంది. అక్కడ తలుపు మూసి ఉంటే తప్పు ఆ పూటే తెలిసేది. కానీ ఎప్పుడో పరీక్ష కోసం నేను పెట్టి మరిచిపోయిన ప్రోగ్రాము నకలొకటి, ఆ తరలింపులో మొదట్లోకి చేరి, పాత పేర్ల జాబితాతో సహా అక్కడ కూర్చుని అందరికీ బదులు చెబుతోంది. రోజూ తెల్లవారుజామున నాలుగింటికి తనలోని హాజరీలను తుడిచేసుకుంటోంది. అలా తుడిచేయమని రాసింది కూడా నేనే.

పాత జాబితాకీ కొత్తదానికీ తేడా ఒక్క పేరు. మిల్లులో పనివాడు చనిపోతే అతని టోకెన్ ఇంట్లోవాళ్లకే ఇస్తారు. ముప్పై ఒకటో నంబరు మొదట ఒక అన్నది. అన్న పోయాక తమ్ముడికి వచ్చింది. అతను పక్కనున్న బీర్‌గావ్ నుంచి సైకిలు మీద వచ్చే శ్రీకాకుళం మనిషి.

సర్వరు మారిన రెండో రోజు అతను నా బల్ల దగ్గరికొచ్చాడు.

“బాబూ, నేను నొక్కితే మా అన్న పేరొస్తంది.”

పక్కనున్న గేటు జమేదారు నవ్వాడు. “అయితే జీతం ఎవడికియ్యాలిరా? ఆడికా, నీకా?”

నేను జాబితా పేజీ తెరిచాను. ముప్పై ఒకటి ఎదురుగా తమ్ముడి పేరే ఉంది. “నిద్రమత్తులో చూసుంటావు, పో,” అన్నాను.

అతను మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఆ రోజు నుంచి షిఫ్టుకి అందరికంటే ముందు వచ్చేవాడు.

తొమ్మిదో రోజు సాయంత్రం మొత్తం వేస్తే తొమ్మిది సున్నాలు వచ్చాయి. అప్పుడు గేటుకి వెళ్లి ముప్పై ఒకటి కొట్టి నేనే నొక్కాను. చనిపోయిన మనిషి పేరు వెలిగింది. కింద ‘హాజరు జమ అయింది’ అని నేను రాసిన వాక్యం. చేయి వెనక్కి తీసుకున్నాను.

ఆ నొక్కును లెక్కలోంచి తీసేశాను. పైన చెప్పిన ఐదువందల మూడులో అది లేదు.

నకలు నా కంటపడేసరికి తెల్లవారుజామున నాలుగు దాటింది, తొమ్మిదో రోజు హాజరీలు కూడా తుడిచిపెట్టుకుపోయాయి. షిఫ్టు మొదలయ్యేలోపే సర్వరు మొదలును నమ్ముకున్న దారులన్నీ కొట్టేశాను. ప్రోగ్రాము ఎక్కడుందో ఒకేచోట రాసి, ప్రతి దారీ అక్కడి నుంచి పుట్టేలా మార్చాను. నకలును తీసేశాను. తమ్ముడు వచ్చి నొక్కి, తెర వైపు చూసి, నన్ను అడిగాడు.

“ఆణ్ని తీసేసినారా బాబూ?”

తర్వాత పేరూ తేదీ రాసి ఉండే క్యాంటీన్ టీ కూపన్లు తెప్పించి, పేరుపేరునా నాలుగువందల తొంభైనాలుగు హాజరీలు నిలబెట్టాను. మిగిలినవి తొమ్మిది. కూపన్లు లేనివాడు ఒక్కడే, ఆ తమ్ముడు. ఇంటి నుంచి చద్దన్నం తెచ్చుకుంటాడు. చిట్టాలో మూడో రోజు నుంచి రోజూ మొదటి వరస ఐదూ నలభై రెండు, నలభై మూడు. అది అతనే.

ఏడాదిలో రెండువందల నలభై హాజరీలుంటే మిల్లులో పర్మినెంటు. ఈ తొమ్మిదీ లేకుండా నెలాఖరుకి అతనికి వచ్చేవి రెండువందల ముప్పై ఆరు. చిట్టా పట్టుకుని మేనేజరు దగ్గరికి వెళ్లాను.

“ఎవడో డబుల్ నొక్కుంటాడు గురూ. తీసివేతలు చేసి మనిషిని పుట్టిస్తావేంటి? కాగితం లావో, తెస్తే సంతకం పెడతా.”

కాగితం లేదు. ఆ నెలాఖరుకి అతని కాంట్రాక్టు ముగిసింది. టోకెన్ నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ప్రోగ్రాము మూడుసార్లు ఇల్లు మారింది. ఒక్క హాజరీ పోలేదు. మారిన ప్రతిసారీ ముందుగా ముప్పై ఒకటే కొట్టి చూస్తాను. తెర మీద పేరు రాదు. ఆ నంబరు ఇంకెవరికీ ఇవ్వలేదు.

చిట్టాలో మాత్రం అప్పుడప్పుడు పొద్దున్న ఐదూ నలభై రెండుకి ఎవరో పాత దారి అడుగుతారు. దొరకలేదని సర్వరు జవాబిస్తుంది. అప్పటి గేటు కంప్యూటరు ఎప్పుడో తుక్కులోకి వెళ్లింది. వాటిని నేను లెక్కలో కలపను. అతనికి నేను రాయాల్సినవి తొమ్మిదే.