టవర్ కింది తలుపు

కొండపల్లి దగ్గర ఒక చిన్న కెమికల్ ఫ్యాక్టరీలో నేను మెయింటెనెన్స్ ఇంజినీరుగా చేరి అప్పటికి మూడు వారాలు. అక్కడున్న ఒకే ఒక్క ఆడ ఇంజినీరును నేనే. అందుకని అన్నీ తెలిసినదానిలా కనిపించాలని నాకు మహా తాపత్రయం.

మా ఆవరణలో రెండంతస్తుల ఎత్తున ఒక టవర్ ఉండేది. దాని నిండా నిమ్మకాయంత ప్లాస్టిక్ బంతులు, లోపల బోలు, ఒళ్లంతా చిల్లులు. కిందనుంచి యాసిడ్ పొగ వస్తుంది, పైనుంచి నీళ్లు పడతాయి. నీళ్లు ఆ బంతుల మీద పల్చగా పరుచుకుని పొగను కడిగేస్తాయి. ఆ రోజు టవర్ ఆపి, నీళ్లతో బాగా కడిగి, బంతులెలా ఉన్నాయో చూడాలన్నారు.

ఫోర్‌మన్ గారు టీకి వెళ్తూ, "నేనొచ్చేదాకా ఆగండమ్మా. ముందు పై తలుపే తియ్యాలి," అన్నారు.

పై తలుపుకు ఇనుప నిచ్చెన ఎక్కాలి. కింది తలుపేమో చేతికందేలా ఉంది. బోల్టులన్నీ విప్పి లాగాను. బంతులు బొలబొలా మీద పడ్డాయి. మూసేద్దామంటే సందులో ఇరుక్కుని మూయనివ్వలేదు. క్షణాల్లో మోకాళ్లదాకా వచ్చాయి. దానికి గాలి తోడై, తెరిచిన గేటులోంచి కొన్ని వందలు రోడ్డెక్కాయి.

అటుగా వస్తున్న మైలవరం బస్సు ఆగిపోయింది. కండక్టర్ దిగి, "ఏంటి మేడమ్ ఇవి? తొక్కితే పేల్తాయా?" అని అడిగాడు.

"పేలవండీ, ఉత్త ప్లాస్టిక్కే! కాస్త ఆగండి, ఏరేసుకుంటాం."

సగం బస్సు దిగి సాయం పట్టింది. ఒక పెద్దావిడ కొంగునిండా ఏరి తెచ్చి, "మా మనవడికి రెండుంచుకోనా అమ్మా?" అంది.

"వద్దండీ. కడిగినవేగానీ, యాసిడ్ పొగలో వాడినవి."

ఆవిడ కొంగు నా కాళ్లమీద దులిపేసి బస్సువైపు పరిగెత్తింది. మిగతావాళ్లూ ఏరినవన్నీ వదిలేసి ఆవిడ వెనకే ఎక్కేశారు.

ఫోర్‌మన్ గారు వచ్చి టవర్ని, నన్ను, రోడ్డును చూశారు. "పై తలుపన్నానమ్మా," అన్నారు, అంతే. సాయంత్రందాకా ఏరి, మళ్లీ కడిగి, గంపలతో నిచ్చెనెక్కి పైనుంచి పోశాం.

మేనేజర్ గారు పిలిచి ఎవరు తీశారని అడిగితే ఫోర్‌మన్ గారే ముందు నోరు తెరిచారు. "నేను టీకి వెళ్లకుండా ఉండాల్సిందండీ."

నాకు తలకొట్టేసినట్టయింది. "ఆయన చెప్పారండీ. నేనే వినలేదు," అన్నాను.

ఆ కింది తలుపు మీద హెచ్చరిక రాయడమే నాకు శిక్ష. ఎర్ర పెయింటుతో 'ముందు పై తలుపు తియ్యండి' అని రాశాను. ఫోర్‌మన్ గారు కళ్లజోడు సవరించుకుని చదివారు.

"అక్షరాలు బాగున్నాయమ్మా. కింద మీ పేరు కూడా రాస్తే ఇంకెవరూ మర్చిపోరు."