కుర్చీకి కోటు

మా పురపాలక ఆఫీసులో కుళాయి కనెక్షన్లు చూసే గుమస్తాను అందరం కోటాయన అనేవాళ్ళం. మండే ఎండల్లో కూడా బూడిదరంగు కోటు తెచ్చేవాడు. తొడుక్కోవడానికి కాదు. రాగానే దాన్ని కుర్చీ వీపుకు తగిలించి, ఫ్యాను వేసి, పాత కళ్ళజోడొకటి బల్లమీద తెరిచిపెట్టి, ఎదుటి టీకొట్టుకు చెక్కేసేవాడు. జనం అడిగితే, పక్క బల్ల దగ్గరుండే నేను, "ఇక్కడే ఉన్నారండీ, కోటుంది కదా, కూర్చోండి" అనేదాన్ని. మా ఆఫీసు మర్యాద అది. నేనూ తక్కువ తినలేదు, నా చేతిసంచీ కూడా నా కుర్చీలో బోలెడు డ్యూటీ చేసింది.

ఒకరోజు ఓ ముసలావిడ దణ్ణం పెట్టుకుంటూ వచ్చింది. కాళ్ళరిగేలా తిరిగిన తన కుళాయి పని, కోటు సారు ఇందాకే ఓపిగ్గా చేసిపెట్టారట. ఆయనేమో పొద్దుట్నుంచీ టీకొట్టులోనే ఉన్నాడు. నువ్వు చూడలేదా అంటారేమో, నేనెక్కడున్నాను, సంచీ ఉంది. సంగతి చెబితే ఆయన పడీ పడీ నవ్వాడు.

"ఇంకేం అక్కయ్యా, జీతం నాకు, చాకిరీ దానికి."

ఆ తర్వాత అందరిదీ అదే పాట. మూలపడ్డ అర్జీలన్నీ కదిలాయి. పై అధికారి స్వయంగా వచ్చి మెచ్చుకున్నాడు, ఆయన్ని కాదు, కోటువైపు చూసి. అప్పుడు మాత్రం నాకు ఒళ్ళు జలదరించింది.

ఆయనకూ భయం పట్టుకుంది. మర్నాడు కోటును ఇంట్లోనే కొక్కేనికి వదిలేసి, ఒట్టి చొక్కాతో వచ్చి, సీట్లోంచి కదలకుండా పనికి కూర్చున్నాడు. వచ్చినవాళ్ళంతా ఆయన్ని చూసి, సారెప్పుడొస్తారు బాబూ అని అడిగారు. నేనే సారునంటే నమ్మలేదు. బెంచీమీద కూర్చుని ఎదురుచూశారు. పాపమనిపించింది.

ఆ మర్నాడు నేను వచ్చేసరికి ఆయన కౌంటరు బయట, జనంతోపాటు వరసలో ఉన్నాడు. మొహంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. నిన్న సాయంత్రం ఇంటికెళ్తే భార్య తలుపు తీసి, ఎవరు కావాలండీ అందట. లోపల కూతురికి ఎవరో లెక్కలు చెబుతున్నారట. పిల్ల ఆ మనిషిని నాన్నా అని పిలుస్తోందట.

"నేనే అని ఒక్కమాట చెప్పు అక్కయ్యా. నీ మాటైతే మా ఆవిడ నమ్ముతుంది."

చెబుదామనే నోరు తెరిచాను. పక్కన ఫ్యాను తిరుగుతోంది. కళ్ళజోడు తెరిచి ఉంది. కుర్చీకి కోటుంది, నావైపు కాస్త తిరిగి ఉంది. చచ్చేంత భయమేసింది. నోటికి అలవాటైన మాటే వచ్చింది.

"ఇక్కడే ఉన్నారండీ. కూర్చోండి."