నూట ఒకటో కాయ

హైమవతి టీచరుకి తప్పు పట్టుకోవడమంటే ప్రాణం. నూజివీడులో మామిడికాయల కమీషన్ కొట్టున్న ఇంటి కోడలు, హైస్కూల్లో లెక్కలు చెప్పేది. ఎనభై అయిదులో ఆ స్కూలుకి ఒక కంప్యూటరు వచ్చింది. ఆ వెనకే, ఎవరో పుణ్యాత్ముడు రాసి ఊరికే పంచిపెట్టిన ప్రోగ్రాం ఒకటి టేపు మీద చేతులు మారి వచ్చింది. దాంతో పిల్లలు సొంతంగా బొమ్మల ఆటలు తయారు చేసుకోవచ్చు. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అడిగేవాడు లేడు. అంతా బానే ఉంది గానీ, ఎలా వాడాలో చెప్పే కాగితాలు నాలుగే. అవీ ఇంగ్లీషులో, సగం తప్పులతో.

ఆవిడ ఊరుకుంటుందా? తెలుగులో పుస్తకం రాయడం మొదలుపెట్టింది. ఒక్కో మీటా నొక్కి చూసి, జరిగిందే రాసేది. ప్రోగ్రాంలో ఎవరైనా మార్పు చేస్తే ఆవిడకి కార్డు రాసేవారు. పాత వాక్యం మీద కొత్త కాగితం చీలిక మైదా జిగురుతో అంటించేది. అలాంటి కంప్యూటరే వచ్చిన ఉంగుటూరు స్కూలుకి ఒకటి, విస్సన్నపేట స్కూలుకి ఒకటి, కార్బన్ పెట్టి తీసిన ప్రతులు వెళ్ళాయి. వాటికీ చీలికలు బస్సు కండక్టరు చేత పంపేది. తన పుస్తకం చూసి చేస్తే పొరపాటన్నదే జరగదని అందరితో చెప్పుకునేది. ఆ మాటే కొంప ముంచింది.

విస్సన్నపేటలో ఆ పుస్తకం నమ్ముకున్నది రాయప్ప మాస్టారు, సైన్సు చెప్పే నెమ్మది మనిషి. ఆయన పిల్లలు మామిడితోట ఆట ఒకటి తయారు చేస్తున్నారు. కోతుల కంట పడకుండా కాయలు కోసి బండికెత్తాలి. ఎనభై ఎనిమిది ఏప్రిల్లో ఆయన కార్డు రాశాడు. పుస్తకంలో ఒక్కో రకం బొమ్మలు వంద దాకా పెట్టవచ్చని ఉంది, వంద దాటితే ఏమవుతుందో రాయలేదు, దయచేసి తెలియజేయగలరు, అని.

అసలే కాయల సీజను. ఇంటినిండా గంపలు, వచ్చేపోయే రైతులు. వందంటే వందేగా, ఇదో ప్రశ్నా అని నవ్వుకుని, కార్డు పుస్తకంలో దోపి మరిచిపోయింది. అవతల వాళ్ళ కొట్లోనే పొద్దుటి నుంచీ వందకి అయిదు కాయలు కొసరు వేస్తూనే ఉన్నారు. ఈ చుట్టుపక్కల వంద దగ్గర చెయ్యి ఆగిన మనిషి ఎవడైనా ఉన్నాడా? అంత తెలివిగల మనిషికి అది తట్టలేదు, ఖర్మ.

జూలైలో కబురొచ్చింది, పై అధికారి వస్తున్నాడని. పిల్లల పని చూపించలేని స్కూలు నుంచి కంప్యూటరు తీసుకుపోతారట. విస్సన్నపేట పిల్లలు ఆదరాబాదరా ఆట పూర్తి చేశారు. తోటలో వంద కాయలు పెట్టి, అలవాటు కొద్దీ అయిదు కొసరు వేశారు. మాస్టారూ వద్దనలేదు, ఆయనా ఆ నీళ్ళు తాగినవాడేగా. వంద దాటిన కాయలు లోపల ఆటనే చెరిపేశాయి. ఆ సంగతి తెర మీద కనపడలేదు. టేపులు దొరకని రోజులు, పుస్తకంలో చెప్పినట్టే పాత టేపు మీదే దాచారు, దాంతో అంతకు ముందు దాచిన మంచి ఆటా చెరిగిపోయింది. మర్నాడు అధికారి ముందు తెర మీద పిచ్చి గీతలు తప్ప ఏమీ రాలేదు. ఆ సాయంత్రమే కంప్యూటరు జీపెక్కింది.

సంగతి తెలిసి హైమవతి విస్సన్నపేట బస్సెక్కింది. మాస్టారు ఖాళీ బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. ఒక్క మాట తూలలేదు. తూలినా బాగుండేది.

"మీరు అడిగారండీ. నేనే జవాబు రాయలేదు," అంది.

"సీజను కదండీ టీచరుగారూ. మీకు తీరికుండదని మళ్ళీ అడగలేదు," అన్నాడాయన. తన ప్రతి తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు. "ఇది ఇక మాకెందుకండీ."

బస్సులో తెరిచి చూసింది. ఆ పేజీలో మాస్టారు పెన్సిలుతో ఒక చీలిక పట్టేంత జాగా గీసి, 'టీచరుగారి జవాబు ఇక్కడ అంటించాలి' అని రాసుకున్నాడు. పక్కన మనుషులున్నారన్న ధ్యాస కూడా లేకుండా ఏడ్చింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమేనని తెలుసు. అయినా ఇంటికొచ్చి మైదా ఉడికించింది. 'వంద దాటితే మొత్తం పోతుంది. కొసరు వేయకండి' అని మూడు చీలికలు రాసింది. తన పుస్తకంలో ఒకటి అంటించింది, ఉంగుటూరుకి ఒకటి కవర్లో పెట్టింది. మూడోది మాస్టారు గీసిన గీతల మధ్య, ఇక ఎవరూ తెరవని ఆ ప్రతిలో, సరిగ్గా అమర్చి అంటించింది.